ఘట్టకుటీ ప్రభాతం



సంస్కృతంలో లౌకిక న్యాయాలని కొన్ని ఉన్నాయి. కాకతాళీయం, అంధగజం, సూచీకటాహం వంటివి మనలో చాలామందికి తెలిసినవే. ఆ వరుసలోనే ఘట్టకుటీ ప్రభాత న్యాయమని ఒకటుంది. ఘట్టకుటి అంటే సుంకం వసూలు చేసే గుడిసె. సుంకం ఎగవేయదలచిన వర్తకుడొకడు రాజమార్గం విడిచి, రాత్రంతా అడ్డదారుల్లో బండి తోలుకొనిపోయి, దారి తప్పి, తెల్లవారేసరికి సరిగ్గా ఆ గుడిసె ముందే తేలాడట. దేన్ని తప్పించుకోజూస్తామో అదే ఎదురైన సందర్భంలో పెద్దలు ఈ న్యాయాన్ని ఉదాహరిస్తారు. 34 ఏళ్ల ఉద్యోగంలో దీన్ని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. 2014 తర్వాత మాత్రం ఆ కథ చెప్పేటప్పుడు నాకు నవ్వు రాలేదు.

ఆ ఏడాది వేసవి సెలవుల్లో నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. అప్పటికి నేను కొల్లేటి ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిని. ఆ ప్రాంతం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ వరిచేల కన్న చేపల చెరువులే ఎక్కువ కనిపిస్తాయి. బొచ్చె, శీలావతి చేపలను ప్లాస్టిక్ ట్రేలలో పేర్చి, పైన పిండి చేసిన మంచు కూరి, లారీల్లో బెంగాలుకు, బీహారుకు, అస్సాముకు పంపుతారు. కొన్ని లారీలు నేపాల్ సరిహద్దు దాకా పోతాయి. మావాడు అటువంటి లారీ నడిపేవాడు. మరొకడితో కలిసి అప్పు చేసి కొన్న లారీ అది.

మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు. "ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను.

"ఒళ్లు బాగానే ఉంది మాస్టారూ. లారీయే పోయింది," అన్నాడు.

జరిగింది ఇది. మూడు రోజులు నిద్రాహారాలు సరిగా లేకుండా నడిపి, ఒక శుక్రవారం సాయంత్రానికి సరిహద్దుకు చేరాడు. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరం. సరుకు తెప్పించుకుంటున్న అవతలి వర్తకుడి దగ్గర దిగుమతి అనుమతి పత్రం ఉంది. ఇవతల మన వ్యాపారి రాసిచ్చిన బిల్లు ఉంది. చేపల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉంది. మూడూ సక్రమమైనవే. అయితే ఆ వర్తకుడి పేరులో ఒక తకారం ఉంది. మన గుమాస్తా మనకలవాటైన పద్ధతిలో దాన్ని ఇంగ్లీషులో 'టీ' పక్కన 'హెచ్' చేర్చి రాశాడు. ఉత్తరాదివారూ నేపాలీలూ ఒట్టి 'టీ' రాస్తారు. అనుమతి పత్రంలో అలాగే ఉంది. రెండు పేర్లూ ఒకరివేనని ఎవరు చెప్పాలి? సరిచేసిన బిల్లు తెప్పించమన్నారు. శనివారం అవతలివారికి వారాంతపు సెలవు. ఆదివారం ఇవతలివారికి సెలవు. సోమవారం మధ్యాహ్నానికి కొత్త బిల్లు వచ్చింది గాని, అప్పటికి లారీ అడుగునుంచి కారుతున్న నీటి రంగే మారిపోయింది. దొరికిన చోటల్లా మంచు కొని పోశాడట. మే నెల ఎండ ముందు అది ఎంతసేపు నిలుస్తుంది! అధికారి వచ్చి తలుపు తీయించి, వాసన చూసి, లోపలికి పంపడానికి వీల్లేదన్నాడు. అది న్యాయమే. కుళ్లిన చేపను ఎవరు మాత్రం పంపుతారు? సరుకంతా ఊరి బయట గోతిలో పోయించి, తిరిగి వచ్చాడు. నష్టంలో సగం అతని నెత్తిన పడింది. అప్పు కట్టలేక లారీలో తన వాటా అమ్ముకున్నాడు.

చెప్పడం ముగించి, నవ్వుతూ ఒక మాటన్నాడు. "ఒక్క అక్షరం తేడా మాస్టారూ. మీరైనా తిప్పి పంపేవారే."

ఆ మాట అతడు ఎందుకన్నాడో నాకు వెంటనే తెలిసింది. ఆ సంగతి చివర చెబుతాను.

ఆ రాత్రి నాకు తట్టిన విషయం ఒక్కటే. నేనిన్నాళ్లు చెప్పిన న్యాయంలో దొంగకు గుడిసె ముందు తెల్లవారింది. మావాడు దొంగ కాడు. రాజమార్గాన వచ్చాడు, కాగితాలు పట్టుకొని వచ్చాడు. అతనికీ గుడిసె ముందే, ఒకసారి కాదు, మూడుసార్లు తెల్లవారింది. మరి ఈ న్యాయం చెప్పే నీతి ఏమిటి? భారత నేపాల్ సరిహద్దు 1700 కిలోమీటర్లకు పైబడి ఉంది. చాలాభాగం కంచె లేని పొలాలు, వాగులు. రాజమార్గంలో మూడు రోజులు పడిగాపులు పడేవాడికి పొలాల గట్లు కనబడకుండా ఉంటాయా? అడ్డదారిని తయారుచేసే పనిలో ఆ గుడిసెకూ వాటా ఉందని అప్పుడే గ్రహించాను.

నాటినుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ వచ్చాను. ఆర్థిక శాస్త్రం నా చదువు కాదు. భాషాప్రవీణుడికి తెలిసినంతలోనే చెబుతున్నాను.

సముద్రతీరం లేని వర్ధమాన దేశాలు ప్రపంచంలో 32 ఉన్నాయని ఐక్యరాజ్యసమితి లెక్క. నేపాల్ వాటిలో ఒకటి. సముద్రం మీద వచ్చే ప్రతి వస్తువూ మరొక దేశపు రేవులో దిగి, మరొక దేశపు నేల మీదుగా రావాలి. నేపాల్‌కు ఆ రేవు చిరకాలం కలకత్తాయే, దానితోపాటు హల్దియా. అక్కడినుంచి బీహారులోని రక్సాల్ మీదుగా నేపాల్ గడ్డ మీది బీర్‌గంజ్‌కు దాదాపు 700 కిలోమీటర్లు. దూరం పెద్దదేమీ కాదు. ఆగే చోట్లతోనే చిక్కు. రేవులో ఒకసారి, సరిహద్దుకు ఇవతల ఒకసారి, అవతల మరొకసారి అవే కాగితాలు చూపాలి. ఆగిన ప్రతి దినానికీ రేవు వారికి అద్దె, కంటైనరును గడువులోగా తిరిగి ఇవ్వనందుకు ఓడ కంపెనీకి అపరాధ రుసుము, లారీకి నిలుపుదల ఖర్చు. ఇవన్నీ చివరికి ఖాట్మండులో మందుసీసా కొనే రోగి నెత్తిన, గుడ్డ కొనే కూలివాని నెత్తిన పడతాయి. సుంకమైతే ఏదో ఒక రాజ్యపు ఖజానాకు చేరి, బడికో బాటకో ఉపయోగపడుతుంది. ఆలస్యం ఏ ఖజానాకూ చేరని సుంకం. పేద దేశమే దాన్ని ఎక్కువగా చెల్లిస్తోంది.

దీన్ని తగ్గించడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు 2013 డిసెంబరులో బాలిలో ఒక ఒప్పందానికి వచ్చాయి. మూడింట రెండు వంతుల సభ్యులు ఆమోదించాక, 2017 ఫిబ్రవరి 22న అది అమల్లోకి వచ్చింది. భారతదేశం 2016లోనూ, నేపాల్ 2017 జనవరిలోనూ ఆమోదం తెలిపాయి. అందులోని అంశాలు చదువుతుంటే, ఎవరో మావాడి లారీ పక్కన నిలబడి రాశారా అనిపించింది. త్వరగా చెడిపోయే సరుకును సాధ్యమైనంత తక్కువ సమయంలో వదలాలట. తనిఖీ వరుసలో దానికి ప్రాధాన్యమివ్వాలట. ప్రత్యేక పరిస్థితుల్లో పనివేళలు ముగిసినా వదలాలట. సుంకం లెక్క తేలనప్పుడు తగిన హామీ తీసుకొని సరుకు పంపివేసి, ఆ లెక్క తర్వాత తేల్చుకోవచ్చట. సరిహద్దుకు ఇరువైపులా ఉన్న కార్యాలయాలు తమ పనిదినాలనూ పనివేళలనూ వీలైనంత వరకు సరిపోల్చుకోవాలట. శనివారం ఒకరు, ఆదివారం ఒకరు తలుపులు మూసిన ఆ వారాంతం నాకు గుర్తుకొచ్చింది.

నన్ను మరింత ఆకట్టుకున్నది మరొక ఏర్పాటు. పేద దేశాలను అన్నీ ఒకేసారి చేయమని ఈ ఒప్పందం అడగదు. వెంటనే చేయగలిగినవి, కొంత వ్యవధి కావలసినవి, వ్యవధితోపాటు సహాయమూ కావలసినవి అని మూడు పట్టికలు ఉంటాయి. ఏది ఏ పట్టికలోకి వస్తుందో ఆ దేశమే నిర్ణయించుకోవచ్చు. మూడో పట్టికలోని పనులకు ఉన్న దేశాలు, అంతర్జాతీయ సంస్థలు చేయూతనివ్వాలి. బడిపంతులుకు ఈ పద్ధతి కొత్త కాదు. తరగతిలో అందరికీ పాఠం ఒకటే, గడువు మాత్రం ఒకటి కాదు. చేయి పట్టుకొని దిద్దించవలసినవాడు ఒకడుంటాడు. వాడి చేయి పట్టుకోవడం దయ కాదు, మన ఉద్యోగం.

చేయూత అంటే ఏమిటో రెండు మూడు ఉదాహరణలు చెబుతాను. సుంకపు లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించే వ్యవస్థ ఒకటి, అసికుడా అని దాని పేరు, ఐక్యరాజ్యసమితి వాణిజ్య అభివృద్ధి విభాగంలో 1981లో మొదలైంది. సొంతంగా అటువంటిది తయారుచేసుకొనే స్తోమత లేని అనేక దేశాలు దాన్ని వాడుకుంటున్నాయి. నేపాల్ వాటిలో ఒకటి. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో బీర్‌గంజ్ దగ్గర నిర్మించిన మెట్టరేవుకు 2004లో కలకత్తా నుంచి రైలు మీద కంటైనర్లు రావడం మొదలైంది. సముద్రం లేని ఊళ్లో రేవు! ఆఫ్రికాలో జాంబెజీ నది మీద చిరుండు అనే చోట, జాంబియా, జింబాబ్వే దేశాల అధికారులు 2009 డిసెంబరు నుంచి ఒకే కప్పు కింద కూర్చుంటున్నారు. లారీ ఏ దేశంలోకి పోతుందో ఆ దేశపు గట్టున ఒక్కసారి ఆగితే చాలు. ఇద్దరూ అక్కడే చూసి పంపుతారు. అంతకుముందు అక్కడ లారీలు రోజుల తరబడి బారులు తీరి ఉండేవి.

ఇక కంటైనరుకు తగిలించే ఎలక్ట్రానిక్ ముద్ర. ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో 2019లో నేపాల్ సరుకులకు ఇది అమల్లోకి వచ్చింది. రేవులో తాళం వేసినట్టుగా దీన్ని బిగిస్తారు. పెట్టె ఎక్కడుందో, దారిలో ఎవరైనా తెరిచారో అది ఎప్పటికప్పుడు తెలియజేస్తుంది. కాబట్టి సరిహద్దులో మళ్లీ కాగితాలతో నిలబడవలసిన పని తగ్గింది.

దీన్ని గురించి చదివినప్పుడు నాకు కౌటిల్యుడు గుర్తుకొచ్చాడు. అర్థశాస్త్రంలో అంతపాలుడనే సరిహద్దు అధికారి ఉన్నాడు. అతడు బండికింత అని వర్తని, అంటే దారిపన్ను, పుచ్చుకొంటాడు. పరదేశపు సరుకును పరిశీలించి, అభిజ్ఞానముద్ర వేసి, శుల్కాధ్యక్షుని దగ్గరకు పంపుతాడు. దారిలో వర్తకుని సొత్తు పోతే అతడే ఇచ్చుకోవాలి. చూడండి, పుచ్చుకొన్న పన్నుకు ప్రతిగా ఒక బాధ్యత ఉంది. మన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనంలోనూ ఇదే ధర్మం కనిపిస్తుంది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కొనేవారట. ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసే వర్తకుల నుంచి క్లుప్తశుల్కం, అంటే నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆ మహారాజు రాతి మీద మాట ఇచ్చాడు. శుల్కమనే సంస్కృత శబ్దమే మనకు సుంకమైంది. సుంకర అనే ఇంటిపేరు ఆ ఉద్యోగం నుంచి వచ్చినదే. మనకిది పరాయి విద్య కాదు.

పదవీ విరమణ తర్వాత విశాఖపట్నంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మన విశాఖ రేవు గుండా కూడా నేపాల్ సరుకులు పోవడానికి 2016లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకొన్నాయి. 2017 నుంచి ఇక్కడి రేవు నుంచి బీర్‌గంజ్‌కు రైళ్లు నడుస్తున్నాయి. దూరం 1400 కిలోమీటర్లు. కలకత్తా కన్న రెట్టింపే. అయినా పెద్ద ఓడలు నేరుగా రాగల లోతైన రేవు కనుక, వర్తకులకు ఒక్క దారికి బదులు రెండు దారులయ్యాయి. ఒకే దారి ఉన్నవాడి బాధ నేపాల్‌కు బాగా తెలుసు. 1989లోనూ, మళ్లీ 2015 చివరి నెలల్లోనూ సరిహద్దు మార్గాలు స్తంభించినప్పుడు వంటగ్యాసుకూ పెట్రోలుకూ అక్కడివారు పడిన పాట్లు పత్రికల్లో చదివే ఉంటారు. ఆ రాజకీయాల జోలికి నేను పోను. ఇరుగుపొరుగులు ఎంత సఖ్యంగా ఉన్నా, వంటింటి పొయ్యి పక్కింటి గుమ్మం మీద ఆధారపడి ఉంటే ఆ ఇంటి ఇల్లాలికి నిద్రపట్టదు.

2019 నవంబరులో ముక్తినాథ యాత్రకని మరికొందరితో కలిసి రక్సాల్ మీదుగా వెళ్లాను. రైలు దిగి గుర్రపు బండి ఎక్కాం. మైత్రీ వంతెన దాటాం. మన పౌరులకు పాస్‌పోర్టు అక్కరలేదు గనుక, ఎదురుగా శంకరాచార్య ద్వారం కనిపించేదాకా పరాయి దేశానికి వచ్చామన్న ధ్యాసే కలగలేదు. పది నిమిషాల్లో ముసలివాళ్లం దాటేశాం. చేపలు మూడు రోజుల్లో దాటలేకపోయిన మాట తలచుకొని మనసు చివుక్కుమంది. సరుకు లారీలకు వేరే దారి ఏర్పడిందని బండివాడు చెప్పాడు. రక్సాల్ వైపున 2016లోనూ, బీర్‌గంజ్ వైపున 2018లోనూ ప్రారంభమైన సమీకృత తనిఖీ కేంద్రాల సంగతి అతడు చెబుతున్నాడు. సుంకం, క్రిమికీటకాల పరీక్ష, తూనిక, గిడ్డంగి అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. మేము వెళ్లడానికి రెండు నెలల ముందే, బీహారులోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల చమురు గొట్టపు మార్గం కూడా మొదలైంది. 1973 నుంచి ట్యాంకర్లలో పోతూవచ్చిన ఇంధనంలో కొంత అప్పటినుంచి గొట్టంలో పోతోంది.

ఇంతమాత్రాన అంతా చక్కబడిందని నేననను. కొత్త ప్రాంగణంలోనూ పాత చేతివాటం ఉండవచ్చు. కంప్యూటరులో నింపిన కాగితాన్నే మళ్లీ అచ్చు తీయించి సంతకం అడిగే కార్యాలయాలను మనమెరుగుదుం. పైగా తనిఖీయే వద్దనడమూ తప్పే. ఫార్మలిన్ కలుపుతున్నారన్న అనుమానంతో 2019 జనవరిలో పాట్నాలో మన ఆంధ్ర చేపల అమ్మకాన్ని కొద్దిరోజులు నిషేధించారు. తినేవాడి ప్రాణం ముఖ్యం. పరీక్ష జరగాలి. అయితే పరీక్షశాల సరిహద్దులోనే ఉంటే ఫలితం పూటలో వస్తుంది. వంద మైళ్ల అవతల ఉంటే, మంచి చేప కూడా ఫలితం వచ్చేలోగా చెడుతుంది. వర్ధమాన దేశాలకు సహాయమంటే ఇటువంటివే: సరిహద్దులో ఒక పరీక్షశాల, దాన్ని నడపగల మనిషికి శిక్షణ, రెండు దేశాల యంత్రాలు ఒకదాని మాట ఒకటి గ్రహించే ఏర్పాటు. నిబంధన సడలించమని కాదు, నిరీక్షణ తగ్గించమని.

ఇక మావాడన్న మాట దగ్గరకు వస్తాను.

1999లో అతడు పదో తరగతి ప్యాసయ్యాడు. ప్రధానోపాధ్యాయులు దీర్ఘకాలపు సెలవులో ఉండగా బాధ్యత నాకు అప్పగించారు. ఐటీఐలో సీటు వచ్చిందనీ, టీసీ కావాలనీ ఈ అబ్బాయి వచ్చాడు. రిజిస్టరులో ఇంటిపేరుకు ఒక ద్విత్వాక్షరం ఉంది. మార్కుల జాబితాలో లేదు. ఆరేళ్లు నా ఎదుట కూర్చున్న పిల్లవాడు. ఇద్దరూ ఒకరేనని ధ్రువీకరించి సంతకం చేసే అధికారం నాకుంది. కాని అక్షరం విషయంలో నేను రాజీపడనని పేరు. మండల కార్యాలయం నుంచి కాగితం తెమ్మన్నాను. తండ్రి లేని పిల్లవాడు. చెరువుల మీద కూలిపని చేసుకొనే తల్లితో కలిసి ఆ కార్యాలయం చుట్టూ పన్నెండు రోజులు తిరిగి కాగితం తెచ్చాడు. మెచ్చుకొని సంతకం పెట్టాను. ఐటీఐ గడువు అప్పటికి నాలుగు రోజుల క్రితమే ముగిసింది. ఆ నెలలోనే లారీలో క్లీనరుగా చేరాడు.

పదిహేనేళ్లు ఆ సంగతి నాకు తప్పుగా తోచలేదు. నిబంధన పాటించానన్న తృప్తే మిగిలింది. ఎక్కడో పేరు తెలియని అధికారి ఒక తకారం కోసం అతని లారీని ఆపాడని విన్నప్పుడు, ఆ అధికారి కుర్చీలో నాకు నేనే కనిపించాను.

ఇప్పుడతడు విశాఖలోనే కంటైనర్లు లాగే ట్రెయిలరు నడుపుతున్నాడు. క్రిందటి సంక్రాంతికి భార్యాబిడ్డలతో వచ్చినప్పుడు ఇన్నేళ్ల తర్వాత నోరు తెరిచి అడిగాను. "ఆనాడు నీకు అన్యాయం చేశాను నాయనా. మనసులో పెట్టుకోకు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మీరు అడిగిందీ రూలే కదా మాస్టారూ. రూలు వద్దని నేననను. ఆ పూటే చూసి తేల్చి ఉంటే సరిపోయేది."

బాలి ఒప్పందాన్ని అతడు చదవలేదు. చదవవలసిన అవసరం కూడా లేదు.

మా కాలనీలో పింఛను దరఖాస్తులు, బ్యాంకు కాగితాలు పట్టుకొని నా దగ్గరకు కొందరు వస్తుంటారు. అక్షరదోషం కనబడితే ఇప్పటికీ నా కలం ఊరుకోదు. దిద్దుతాను. కాని మళ్లీ రమ్మనను. ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అప్పుడే దిద్ది పంపుతాను.

సెలవు.